ఎర్‌హార్ట్ తుది యానము: చెడినది రేడియోయేనా?

అమీలియా ఎర్‌హార్ట్ 1937 జులై 2న న్యూగినీలోని లే నుండి బయలుదేరి, పసిఫిక్ నడుమనున్న హౌలాండ్ ద్వీపము చేరకయే అదృశ్యమైనది. రేడియో చెడినదని కొందరు, దారి లెక్క చూచిన ఫ్రెడ్ నూనన్ పొరబడినాడని కొందరు వ్రాయుచుందురు. ఈ రెండు మాటలతోను విషయము తేలదు.

లే నుండి హౌలాండుకు సుమారు 4,100 కిలోమీటర్లు. ద్వీపము పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. ఇంత దూరములో దిశ ఒక్క డిగ్రీ తప్పినచో విమానము 70 కిలోమీటర్లు ప్రక్కకు పోవును. విద్యార్థులు టాంజెంటు పట్టికతో సరిచూచుకొనవచ్చును. అయినను ఉదయము 7.42కు ఆమె మాట ద్వీపము చెంతనున్న ఇటాస్కా నౌకలో మిక్కిలి గట్టిగా వినబడినది. అనగా నూనన్ విమానమును చాల దగ్గరకే తెచ్చెననవలెను. మిగిలిన కొద్ది దూరమునకే రేడియో కావలసివచ్చినది.

ఆ రేడియో ఏర్పాటెట్టిది? నౌకలోని దిక్కు కనిపెట్టు సాధనము 500 కిలోహెర్ట్జుల వంటి తక్కువ పౌనఃపున్యములకే పనికివచ్చును. అచ్చట తరంగదైర్ఘ్యము 600 మీటర్లు. అట్టి తరంగములను పంపుటకు విమానము వెనుక వ్రేలాడు పొడవైన తీగ ఉండవలెను. ఆ తీగను మయామీలోనే తీసివేసిరి! ఆమె మాటలాడినది 3105, 6210 కిలోహెర్ట్జులపై. ఆమె మాట నౌకకు వినబడుచున్నను, అది ఏ దిక్కునుండి వచ్చుచున్నదో ఆ సాధనము చెప్పలేదు.

తుదకు ఆమె నౌకనే 7500 కిలోహెర్ట్జులపై సంకేతము పంపుమని కోరినది. సంకేతము విన్నది కూడ. కాని దిక్కు తెలియలేదు. చుట్ట ఆంటెనాను త్రిప్పినప్పుడు ధ్వని సన్నగిల్లు స్థానమును బట్టి దిక్కు తెలిసికొందురు. 40 మీటర్ల హ్రస్వ తరంగములు అయనావరణమునుండియు, విమానపు లోహ శరీరమునుండియు ప్రతిఫలించి పలు దిక్కులనుండి వచ్చి చేరుటచే ఆ స్థానము స్పష్టముగా దొరకదు. సాధనము చెడకున్నను ఫలితమింతే.

అన్నిటికంటె విమర్శింపదగినది మరియొకటి కలదు. బయలుదేరుటకు ముందునాడు లేలో జరిపిన పరీక్షలోనే ఈ ధ్వని సన్నగిల్లు స్థానము దొరకలేదు. కేంద్రము మరీ దగ్గరగా, బలముగా ఉండుట వలన అట్లయినదని ఆమె తలచినది. ప్రకృతి ఒకరోజు ముందుగా చూపిన ఫలితమును వివరించి ఊరకున్నారేగాని, మరల పరీక్షింపలేదు. మోర్స్ సంకేతములలో ఇరువురికిని తగిన నేర్పు లేదు. విమానము గ్రీనిచ్ కాలమును, నౌక దానికి పదకొండున్నర గంటలు వెనుకనున్న స్థానిక కాలమును అనుసరించుట ఇంకొక చిక్కు.

8.43కు ఆమె తాము 157–337 రేఖపై ఉన్నట్లు, ఉత్తర దక్షిణములుగా పోవుచున్నట్లు తెలిపినది. ఉదయించు సూర్యుని చూచి లెక్కించిన రేఖ అది. స్థానము తెలియుటకు దానిని ఖండించు రెండవ రేఖ కావలెను. అది రేడియో నుండి రావలసియుండెను.