యాత్రాకథనములందు మజిలీ

భార్యాభర్తలిరువురు స్వంత కారులో బయలుదేరి, రాజమార్గమును విడిచి పల్లెదారులఁ బట్టి, దొరకినచోట బసచేసి, యింటికి మరలివచ్చిన పిదప నా విశేషములను వ్రాసి ప్రకటించుట యిటీవల మన భాషలో నొక రచనాశాఖగా నేర్పడుచున్నది. దీనిని సాహిత్యముగా నెంచఁదగునా యని కొందఱు పండితులకు శంక గలదు. తగుననియే నా యభిప్రాయము. అయితే యెంచుటకొక కొలత యుండవలెను. చెట్లను, గుట్టలను, సూర్యాస్తమయమును వర్ణించుట యెవరికైన సుకరమే. మజిలీని వ్రాయునప్పుడు రచయిత బలాబలములు తేలిపోవును.

దంపతుల వాహనయాత్రకు మనమెఱిఁగిన తొలి కథనము పుష్పకయానము. రఘువంశమునఁ బదుమూఁడవ సర్గము దాదాపుగా నంతయు రాముని వాక్కే. సముద్రమును, జనస్థానమును, పంపాసరస్సును, గంగాయమునాసంగమమును నాతఁడు చూపును, సీత చూచును. ఆమె యేమన్నదో కాళిదాసు చెప్పఁడు. వాల్మీకి రాముఁడును జూపువాఁడే. కాని కిష్కింధ కంటఁబడఁగనే, తార మొదలగు వానరకాంతలను వెంటఁగొని యయోధ్యకుఁ బోవలెనని సీత కోరునట్లు దాక్షిణాత్యపాఠమునఁ గలదు. ఆ కోరికపై విమానము నిలుచును. కాళిదాసుని చిత్రము లెంత రమ్యములైనను, యాత్రగాఁ జదువునప్పుడు నాకు వాల్మీకియే మేలని తోఁచును. అచట విమాన మొకచోట దిగినది. దిగుటకుఁ గారణ మున్నది. ఆ కారణము చూపువాని మనస్సులోఁ బుట్టలేదు, చూచుచున్న యామె మనస్సులోఁ బుట్టినది.

మన తెలుఁగువారికి మజిలీ రుచి చిరపరిచితము. ఆ మాటయే మనది కాదు. అరబ్బీ 'మంజిల్' ఫారసీ హిందూస్థానీల మీఁదుగా వచ్చి మన నాలుకపై మజిలీ యైనది. మధిర సుబ్బన్నదీక్షితులు కాశీమజిలీకథలను గూర్చినప్పుడు మణిసిద్ధుఁడును గోపకుమారుఁడును నడచిన దారినిఁ గూర్చి చెప్పినది స్వల్పము. నడక ముగిసి, భోజనమై, కూర్చున్న పిమ్మటనే కథ మొదలగును. క్రీడాభిరామమున మంచనశర్మయు టిట్టిభసెట్టియు నోరుగల్లు వీథులఁ ద్రిమ్మరి యొక పూటకూటియింట రూకకు దొరకు భోజనముఁ దెలిసికొందురు. ఆ వంటకముల పట్టిక లేనిచో నాఁటి రూక విలువను మనము నేఁడు రాజశాసనములలో వెదకికొనవలసి వచ్చెడిది. (పూటకూటియిల్లా, పూటకూలియిల్లా, కూడా, కూలియా యను వివాదమును వ్యాకర్తలకు విడిచెదను.)

వచనమునఁ బరమావధి ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర. మదరాసు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన యీయన 1830 మే 18వ తేదీన బయలుదేరి 1831 సెప్టెంబరు 3వ తేదీన మరలివచ్చెను. గ్రంథము 1838లో నచ్చుపడినది. దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో మరలఁ బ్రకటించిరి. ప్రతి మజిలీయందును నీళ్లున్నవా, అంగళ్లున్నవా, బసకుఁ జోటు దొరకునా యని యాయన వ్రాసికొనును. ఇవి శుష్కవివరములని త్రోసివేయు విద్యార్థిచేత నుపాధ్యాయుఁడు రెండు మజిలీల వృత్తాంతమును వరుసగాఁ జదివింపవలెను. నీళ్లున్న యూరికిని లేని యూరికిని వాక్యపు నడక యెట్లు మాఱునో వానికే తెలియును. ఒక కొఱఁత మాత్రము చెప్పవలసియున్నది. పెద్ద పరివారముతో సాగిన యీ యాత్రలో మనతో మాటలాడునది యాయన యొక్కఁడే.

వీరాస్వామయ్యగారు హైదరాబాదునుండి నిర్మల మీఁదుగా నాగపురపు దారిఁ బట్టిరి గనుక కొడిమ్యాలవైపు రాలేదు. నేఁటి దంపతులు వత్తురు. వేములవాడ రాజరాజేశ్వరునకుఁ గోడె మ్రొక్కు తీర్చుకొని, కొండగట్టు ఆంజనేయుని సన్నిధిని గ్రొత్త కారునకుఁ బూజ చేయించి, ధర్మపురిలో గోదావరీస్నానము చేయుట యీ ప్రాంతపు వాడుక. వీరి వ్రాఁతలలోఁ గొడిమ్యాల 'మారుమూల' యను నొక్క విశేషణముతో ముగియును. ఎవరికి మారుమూల? హైదరాబాదునుండి కారు నాలుగు గంటలలో నచటికిఁ జేరును. పల్లకీలో సాగువానికి మజిలీ తప్పనిది. బోయీలు నిలిచినచోట నిలువవలసినదే. కారులోనివాఁడు తన యిష్టమున నిలుచును. కావున నేఁడు మజిలీ వ్రాయనివానికిఁ దీఱికలేదను సాకు చెల్లదు. వానికి నిలువవలెనని తోఁపలేదన్నమాట.

కరీంనగరమునుండి జగిత్యాలకుఁ బోవుచు గంగాధర ప్రాంతమున నిలువకపోయినవారు బొమ్మలగుట్టను గోల్పోవుదురు. కురిక్యాల శాసనమున్న గుట్ట యది. పంపమహాకవి సోదరుఁడు జినవల్లభుఁడు క్రీ.శ. 945 ప్రాంతమున సంస్కృత కన్నడాంధ్రములు మూఁటను వ్రాయించిన యా శిలపై మూఁడు తెలుఁగు కందపద్యము లున్నవి. త్రిభువనతిలకమను బసదిని, కవితాగుణార్ణవమను తటాకమును, మదనవిలాసమను వనమును నాతఁడు పేర్కొనినాఁడు. గుడి, నీరు, నీడ: బాటసారికిఁ గావలసినవి మూఁడును. మూఁడు భాషలవారు వచ్చి నిలుతురని యెంచియే యాతఁడు మూఁడు భాషల నాశ్రయించెనని నాకుఁ దోఁచుచున్నది. ఇది యూహయే గాని, ఱాతిపై వ్రాయించువాఁడు నిలిచి చదువువానిని నమ్మియే వ్రాయించును.

కొండగట్టు కనుమదారి మలుపులను మన యాత్రికులు తఱచుగా వర్ణింతురు. మబ్బులు, పచ్చదనము, కోఁతులు. 2018 సెప్టెంబరు 11వ తేదీన నదే దారిలో బస్సు లోయఁబడి సుమారు అరువదిమంది మృతిచెందిరి. వారిలోఁ బెక్కండ్రు కొడిమ్యాల మండలపు పల్లెలవారు. ప్రతి యాత్రాకథనమును శోకకావ్యము కావలెనని నేననను. అయినను, కొడిమ్యాలలో నొక గడియ కూర్చున్నవానికి నా మలుపుమీఁద 'మనోహరము' అను విశేషణము కలమునుండి యంత తేలికగా జాఱదు.

బసను గూర్చి యొకమాట. మన పల్లెలలో హోటలన్న చాయయు మిర్చిబజ్జీలును దొరకు చోటు. పండుకొనుటకు లాడ్జి, దేవునివద్ద సత్రము. ఈ భేదము నెఱుఁగక రచయితలు మూఁటిని హోటలనియే వ్రాసి, 'శుభ్రముగానున్నది' యనియో 'పరవాలేదు' అనియో విడిచిపెట్టుదురు. జనులకు దీనికంటె లోఁతైన మాట యున్నది. క్షేత్రమున రాత్రి గడపుటను వారు 'నిద్ర చేయుట' యందురు. నిద్రపోవుట వేఱు, నిద్రచేయుట వేఱు. రెండవది పూజవలె, వ్రతమువలెఁ జేయఁబడు పని. మ్రొక్కుకొని నలువది దినములు కొండగట్టుపై నుండువారు గలరు. ఒక రాత్రి యద్దె చెల్లించిన దంపతుల గది ప్రక్కనే వారును బండియుందురు. వారితో మాటలాడిన కథనము నాకింతవఱకుఁ గనఁబడలేదు.

వ్యాకరణమున మనకొక సౌలభ్యము గలదు: మేము, మనము. ఈ రచనలన్నియు 'మేము' అని నడచును. చక్రము పట్టినవాఁడే కలమును బట్టును గనుక నా 'మేము'లో వినఁబడునది తఱచుగా భర్త గొంతే. పోతము జానకమ్మగారు ఇంగ్లండునకుఁ బోయి తాను జూచినది తెలుఁగున వ్రాసికొని, 1876లో మదరాసున నాంగ్లమునఁ బ్రకటించిరి. మన స్త్రీలకు యాత్రారచన క్రొత్త కాదు. దంపతులు దారిలోఁ దమలోఁ దాము పలుకుకొను 'మనము' కథనములోనికి వచ్చుటయే కొఱఁత. వేములవాడనుండి కొండగట్టునకుఁ గొడిమ్యాల మీఁదుగాఁ బోవుచు, "ఇచటఁ గాసేపు ఆగుదమా" అని యామె యన్నచోటును, ఆగిన పిమ్మట హోటలు బల్లపైఁ దమ కెదురుగాఁ గూర్చున్నవారు ఏ యూరివారో, ఏ బస్సుకై వేచియున్నారో, చాయ వెల యెంతయో వ్రాసిన పుస్తకము వెలువడినచోఁ, బాఠశాలలందుఁ జదివింపుఁడని మొదట సిఫారసు చేయువారిలో నేనొకఁడను.