మూతమీది నిప్పులు

ఈ వారము కార్క్ నగరమున ఒక మిఠాయి అంగడి గాజు బీరువాలో "సంప్రదాయసిద్ధమైన ఐరిష్ ఆపిల్ కేకు" అను చీటితో అమరియున్న పదార్థమును చూచినది మొదలు నా మనస్సునకు శాంతి లేదు. మూడు అంతస్తులు, అంతస్తునకు అంతస్తునకు నడుమ మీగడ నురుగు, పైన విస్కీ కలిపి కాచిన పంచదార పాకము, అంచుల వెంట బాదము పలుకులు; ఇంత వైభవము నడుమ ఆపిల్ ముక్కను వెదకి పట్టుకొనుట కష్టమైనది, పట్టుబడిన ముక్కయందును తీపి తప్ప మరియొక రుచి లేదు. అలంకారము మీద నాకు ద్వేషము లేదు. పెద్దల పేరు చీటిమీద వ్రాసి, ఆ పేరునకు ధర కట్టుటయే నాకు కష్టము కలిగించినది.

ఐర్లండు పల్లెయింటి ఆపిల్ కేకు అంతస్తులెరుగదు. 225 గ్రాముల మైదాపిండి, అందులో సగము తూగు వెన్న, దాదాపు అంతే పంచదార, ఒక గుడ్డు, ముద్ద కట్టుటకు చాలినన్ని పాలు, చిటికెడు బేకింగ్ పౌడరు, ఒకటి రెండు పెద్ద పుల్లని ఆపిళ్లు, రెండు మూడు లవంగములు: సామగ్రి ఇంతే. చల్లని వెన్నను చిన్న ముక్కలుగా కోసి పిండిలో వేసి వ్రేళ్ల కొనలతో నలుపవలెను. అరచేయి తగులరాదు, ఏలయన అరచేతి వేడికి వెన్న కరగిపోవును. పిండిని వ్రేళ్లతో పైకెత్తి, బొటనవ్రేలిని చూపుడువ్రేలి మీదుగా రాచి జారవిడుచుచుండగా, పచ్చని వెన్న ముక్కలు క్రమక్రమముగా సన్నగిల్లి, కడకు పళ్లెములోని పిండియంతయు పొడిపొడి రవ్వగా మారును. పిండి రేణువులకు ఈ విధముగ కొవ్వు పూత పట్టుటచేత, తరువాత పాలు పోసినను అవి సాగెడు బంకగా అల్లుకొనజాలవు; కేకు నోటిలో సులువుగా విరుగుటకు ఇదియే కారణము. అటుపిమ్మట పంచదార, గుడ్డు, పాలు కలిపి, చేతికి కొంచెము అంటుకొను మెత్తని ముద్దగా చేసి, అందులో సగమును వెన్న పూసిన లోతులేని పళ్లెమున అదిమి పరచి, దానిపై చెక్కుతీసిన ఆపిల్ ముక్కలు పోసి, కొంత పంచదార చల్లి, లవంగములు వేసి, తక్కిన సగముతో కప్పి, ఆవిరి పోవుటకు నడుమ గాటు పెట్టి, 180 డిగ్రీల ఓవెనులో 40 నిమిషముల వరకు కాల్చుదురు. షానగారీ గ్రామమున బాలిమలూ అను తన గృహమునందే 1964లో భోజనశాల తెరచి, పల్లెటూరి వంటకు విందుబల్లపై గౌరవస్థానము కల్పించిన మర్టిల్ ఆలెన్ గారును, ఆ పరిసరములనే 1983లో పాకవిద్యాలయమును నెలకొల్పిన ఆమె కోడలు డరీనా ఆలెన్ గారును ఇట్టి ఇంటి వంటలు మరుగున పడకుండ కాపాడిన పుణ్యాత్ములు.

ఈ శీర్షికను వారము వారము చదువు మిత్రులకు నా పట్టుదలలు రెండును క్రొత్తవి కావు. ఆపిల్ కేకులో లవంగము చోటును దాల్చినచెక్క ఆక్రమింపరాదనునది ఒకటి. వంటింటి విద్యలను సృజించిన స్త్రీలకు చరిత్రలో పేరు దక్కలేదను వేదన రెండవది. అంగడి చీటిని చూచిన కోపములో, ఈ కేకునకు ఖండితమైన విధి నొకదానిని వ్రాసి, దానికి తప్పినవన్నియు అపభ్రంశములని తేల్చివేయుటకే కలము పట్టితిని. కాని వ్రాయ మొదలిడగానే, ఈ దేశమునకు వచ్చిన క్రొత్తలో కెర్రీ సీమలోని ఒక పల్లెలో నాకు గది అద్దెకిచ్చిన వృద్ధురాలి చేతులు కనులయెదుట నిలిచినవి.

ఆ యిల్లాలి బాల్యమున ఆమె ఊరిలో ఓవెను లేదు, విద్యుత్తు లేదు. ఐర్లండు గ్రామములకు విద్యుత్తునందించు ప్రణాళిక 1946లో గాని ఆరంభము కాలేదు. మారుమూల కొండపల్లెలకు ఆ తీగలు చేరుటకు మరి ఎన్నియో ఏండ్లు పట్టినది. అంతవరకు రొట్టెయైనను కేకైనను బాస్టిబుల్ అను పోతయినుము పాత్రలోనే కాలవలెను. అడుగు చదునైనది, మూడు పొట్టి కాళ్లు, బరువైన మూత, ఎత్తుటకు పిడులు. చిత్తడినేలలనుండి కోసి యెండబెట్టిన పీట్ గడ్డల మంటపై దానిని వ్రేలాడదీసి, మూతమీద కూడ నిప్పులు పేర్చుదురు. ఒక హాలోవీన్ పండుగనాడు, నా కుతూహలమును గమనించి, ఆమె కొట్టములోని పాత బాస్టిబులును బయటికి తీసి పెరటిలో పొయ్యి పెట్టినది. పట్టకారుతో ఒక్కొక్క కణికను ఎత్తి మూత అంచు వెంట దట్టముగా, నడుమ పలుచగా అమర్చినది. నడుమ నిప్పు హెచ్చైనచో పైపొర మాడును, లోని ఆపిల్ పచ్చిగా మిగులునట. నేను తొందరపడి మూతవైపు చేయి చాపగా, "ఊరక తీయకు నాయనా, వేడి పోవును" అని వారించినది. గడియారమువైపు ఆమె చూడలేదు. కమ్మదనము వాసనలో తెలిసిన పిదపనే కొక్కెముతో మూత ఎత్తినది. గాటునుండి లేతబంగారు వన్నె గల రసము పొంగి అంచున పాకముగా కట్టి బుడగలు చిట్లుచుండెను. ఆ మూతమీది నిప్పులను చూచి నేను గోదావరి సీమలోని మా అమ్మమ్మ కుంపటిని తలచుకొంటిని. దిబ్బరొట్టె కాలుటకు ఆమెయు మూకుడు మీద మూత పెట్టి, దానిపై నిప్పులు పోసెడిది. క్రింద సెగ, పైన సెగ, నడుమ మినపపిండి నిదానముగా ఉబ్బుచుండును. ఈ సంగతి చెప్పగా ఆ వృద్ధురాలు ఆశ్చర్యపడలేదు. నిప్పు గలవారందరికిని తట్టెడి యుపాయమే గదా యని, మీరు దేనితో తిందురని మాత్రము అడిగినది.

ఆనాడు ఆమె చెప్పిన మరికొన్ని మాటలు ఈ వారమే నాకు పూర్తిగా అర్థమైనవి. కోళ్లు గ్రుడ్లు పెట్టని దినములలో ఆమె తల్లి గ్రుడ్డు లేకయే చేసెడిది. వెన్న అమ్మకమునకు పోయినపుడు మజ్జిగయు వంటసోడాయు కలిపిన రొట్టెపిండిలోనే ఆపిల్ పొదిగెడిది. ఉత్తరమున ఆర్మా సీమలోని ఆమె వదినెగారికి మైదాపిండితో పనియే లేదు. ఉడికిన బంగాళాదుంపల ముద్దలో ఆపిల్ ముక్కలను చుట్టి పెనముమీద కాల్చి, కాలిన పిదప పై పొరను విప్పి అందులో వెన్నయు పంచదారయు వేసి మూయుదురట. ఈ మూడింటిలో ఏది సంప్రదాయము? మూడును ఆపిల్ కేకులే. మూడింటికిని ఇల్లాలి చేతికి ఆ దినమున అందినదే ప్రమాణము.

ఇక ఆపిల్ మాట. కేకునకు బ్రామ్లీయే తగినదని ఐర్లండులో ఏ యింట అడిగినను చెప్పుదురు. మాలిక్ ఆమ్లము దండిగా గల ఈ కాయ ఉడికినపుడు ముక్క నిలువక, తెల్లని నురుగై, పంచదార ఎంత తగిలినను తన పులుపును వదలక నిలుచును. ఆర్మా బ్రామ్లీకి యూరోపియన్ యూనియన్ 2012లో భౌగోళిక రక్షణ ముద్ర నొసగినది. కాని ఈ చెట్టు పుట్టినది ఐర్లండులో కాదు. 1809లో ఇంగ్లండున, నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్ అను ఊరిలో, మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అను బాలిక విత్తులు నాటగా మొలచినది అది. 1846లో ఆ చెట్టున్న యింటిని కొన్న మాథ్యూ బ్రామ్లీ అను మాంసవిక్రేత, కొమ్మలు అంటుకట్టుకొనుటకు హెన్రీ మెరీవెదర్ అను యువకునికి అనుమతినిచ్చుచు, కాయకు తన పేరు పెట్టవలెనని కోరెను. ఆపిల్ విత్తు తల్లి గుణమును యథాతథముగా తేదు. కనుక నేటి బ్రామ్లీ చెట్లన్నియు ఆ బాలిక నాటిన ఒక్క చెట్టు అంట్లే. పేరు మాత్రము మాంసవిక్రేతది. ఆర్మా తోటలకు ఈ కాయ చేరినది 1884లో. అంతకుముందు శతాబ్దముల తరబడి ఈ దీవిలో ఆపిల్ తినలేదా? ప్రాచీన ఐరిష్ ధర్మశాస్త్రములు అడవి ఆపిల్‌ను ఓక్‌తో సమముగా వృక్షములలో ప్రభువుగా గణించినవి. 1991లో పని ఆరంభించిన విత్తనసంరక్షకులు నేడు క్లేర్ సీమలో నూరుకు పైగా నాటు రకములను ప్రోవుచేసి పెంచుచున్నారు. వాటిలో ఏ ఒక్కటి పెరటనున్నను ఆ కాలపు ఇల్లాలు దానినే కోసి వేసినది.

లవంగము కూడ మలుకు దీవులనుండి ఓడలెక్కి వచ్చినదే. ఇంగ్లండు కాయను, తూర్పుదీవుల మొగ్గను, పందొమ్మిదవ శతాబ్దపు సోడాను తనవిగా చేసికొన్న యింటిలో దాల్చినచెక్కకు మాత్రము తలుపు మూయుటకు నాకు న్యాయము కనబడుటలేదు. అందుచేత ఇన్నాళ్లు ఈ శీర్షికలో నేను మోసిన లవంగపు వాదమును ఇక్కడ దించుచున్నాను. వృద్ధురాలి కేకులోను, వదినెగారి బంగాళాదుంప కేకులోను చెడనిది ఒక్కటే: కొరికినపుడు మొదట ఆపిల్ పులుపు తగులును, తక్కినవి దాని వెంట వచ్చును. అంగడి కేకు పాపము కొత్తదగుట కాదు. అందులో ఆపిల్‌కు చోటు లేకపోవుట.

తెలుగుదేశమున దీనిని చేయదలచిన పాఠకులకు ఒక మాట. హిమాచలమునుండియు కాశ్మీరమునుండియు మన అంగళ్లకు వచ్చు ఎఱ్ఱని డెలిషియస్ ఆపిల్ తీయనిది; అది యొక్కటియే ఈ కేకునకు చాలదు. ఆకుపచ్చని గ్రానీ స్మిత్ దొరకిన చోట దానినే కొనుడు. బ్రామ్లీవలె అది కరగిపోదు గాని, పులుపునకు లోటుండదు. అదియు దొరకనిచో ఎఱ్ఱని కాయ ముక్కలమీదనే ఒక నిమ్మకాయ పిండి, లోపల చల్లు పంచదారను సగమునకు తగ్గించుడు. లవంగమో దాల్చినచెక్కయో మీ యింటి ఇష్టము. ఓవెను లేనివారు బరువైన మూకుడును మూతమీది నిప్పులను నమ్ముకొనవచ్చును. కాలిన పిదప పది నిమిషములు ఆగి, వేడిగా నుండగనే మీగడతో వడ్డింపుడు.