గోడ మీది పేరు

అమెరికా టీవీ సీరియల్ 'ది వాకింగ్ డెడ్' నాలుగో సీజన్‌లో ఆరో ఎపిసోడ్ 'లైవ్ బెయిట్'. 2013లో వచ్చింది. చచ్చినవాళ్లు లేచి బతికున్నవాళ్లను పీక్కుతినే లోకం. ఈ ఎపిసోడంతా విలన్‌దే. తన సొంత మనుషుల్నే కాల్చి చంపిన గవర్నర్‌ది.

కూతురు పోయింది, ఊరు పోయింది. దిమ్మరిలా తిరుగుతూ ఒక గోడ మీద బ్రయన్ హెరియట్ అనే పేరు చూస్తాడు. అదే తన పేరని చెప్పుకుని ఓ ఇంట్లో చేరతాడు. జబ్బుపడ్డ ముసలాయనకు ఆక్సిజన్ సిలిండర్లు మోసుకొస్తాడు. చిన్నపిల్ల మేగన్‌కు చదరంగం నేర్పుతాడు. ఆ పిల్ల రాజు బొమ్మకు ఒక కంటికి గంత గీస్తుంది, అచ్చం అతనిలాగే. డేవిడ్ మోరిసే తక్కువ మాటలతో నటించాడు. హంతకుడని తెలిసీ మనకు జాలేస్తుంది. అయినా కథ అతన్ని క్షమించదు. రెండు ఎపిసోడ్ల తర్వాత ముసలి హెర్షెల్ మెడ నరికేది ఇతనే. పేరు మారింది, మనిషి మారలేదు.

మన సినిమాల్లో ముస్లిం విలన్‌కు గడ్డం ఉంటుంది, టోపీ ఉంటుంది. చాలాసార్లు ఇల్లే ఉండదు. వాడి అమ్మీ ఎవరో, వాడి బిడ్డ ఏం ఆడుకుంటుందో ఎవరికీ పట్టదు.

హైదరాబాద్‌లో అద్దె ఇంటికోసం తిరిగినప్పుడు నన్ను ముందు అడిగింది పేరే. చెప్పాక గది ఖాళీ లేదన్నారు. బయట 'టు లెట్' బోర్డు అలాగే వేలాడుతోంది.

మా విలన్‌ని వదిలెయ్యమనడం లేదు. వాడికీ ఓ ఇల్లు చూపించమంటున్నాం. గోడ మీది పేరుతో కాదు, మా పేరుతోనే.