పనామా కాలువలో మోకు పట్టే చేతులు

తెరచాప పడవలో పనామా కాలువను ఒంటరిగా దాటడం ఎవరి తరమూ కాదు. భూగోళాన్ని ఒక్కడినే చుట్టి వస్తానని పంతం పట్టి బయల్దేరినవాడైనా కాలువకు అట్లాంటిక్ వైపున్న కొలోన్ రేవు చేరాక తోడు వెతుక్కోవాల్సిందే. చుక్కాని పట్టే మనిషి కాక, లాకుల్లో పడవను గోడలకు కట్టి ఉంచే నాలుగు మోకులకు ఒకరు చొప్పున నలుగురు పడవలో ఉండాలన్నది కాలువ అధికారుల నిబంధన. 1985లో పద్దెనిమిదేళ్ల తానియా ఏబీ ‘వరూనా’ అనే చిన్న పడవలో న్యూయార్క్ నుంచి బయల్దేరి పసిఫిక్‌లో అడుగుపెట్టింది ఈ కాలువ గుండానే. 2011లో పదిహేనేళ్ల డచ్ అమ్మాయి లారా డెక్కర్ ‘గప్పీ’ని పసిఫిక్‌కు చేర్చిందీ ఇటుగానే. మహాసముద్రాల మీద వాళ్లకు వాళ్లే దిక్కు. ఈ 80 కిలోమీటర్ల నీటిదారిలో మాత్రం పక్కవాళ్ల చేతులు కావాలి.

ఆ చేతులు ఎక్కడి నుంచి వస్తాయి? పక్క పడవల నుంచి వస్తాయి. ఇవాళ మీ పడవకు మేం మోకు పడతాం, వచ్చే వారం మా పడవకు మీరు రండి. దశాబ్దాలుగా సాగుతున్న ఒప్పందం ఇది. కాగితం లేదు, సంతకం లేదు, డబ్బు ప్రసక్తి అసలే లేదు. పడవ యజమాని భోజనం పెడతాడు, రాత్రికి పడుకోవడానికి చోటు చూపిస్తాడు, అవతలి ఒడ్డున దిగాక కొలోన్‌కు తిరిగి వెళ్లడానికి బస్సు ఖర్చులిస్తాడు. అంతే. తెరచాప పడవనే ఇల్లు చేసుకుని దేశాలు తిరిగే జనంలో ఇంతకంటే గొప్ప ఆచారం మరొకటి లేదు.

వీళ్లంతా ఒకే సమయంలో ఇక్కడికి చేరడానికి కారణం గాలి. కరీబియన్‌లో జూన్ నుంచి నవంబర్ దాకా తుపానుల కాలం. దక్షిణ పసిఫిక్‌లో తుపానులు నవంబర్‌లో మొదలై ఏప్రిల్‌కు తగ్గుతాయి. కాబట్టి అట్లాంటిక్ దాటి వచ్చిన పడవలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాలువ దాటి, గలపాగోస్ మీదుగానో నేరుగానో దక్షిణ పసిఫిక్‌లోని మార్కేసస్ దీవుల దారి పడతాయి. అది నాలుగు వేల నాటికల్ మైళ్లకు అటూ ఇటూగా ఉండే ప్రయాణం. దానికి ముందు మనుషుల ముఖాలు తనివితీరా చూసుకునే చివరి చోటు ఈ కాలువ ముంగిలే.

కొలోన్‌కు ఎదురుగా, ఒకప్పుడు అమెరికా సైన్యం ఉన్న ఫోర్ట్ షెర్మన్‌లో, షెల్టర్ బే మెరీనా ఉంది. వెనక అడవి, అందులో గొంతు చించుకునే హౌలర్ కోతులు. ఇక్కడ మనుషుల ఇంటిపేర్లు ఎవరూ అడగరు. పడవ పేరే ఇంటిపేరు. పొద్దున్నే వీహెచ్ఎఫ్ రేడియోలో అందరూ ఒక ఛానల్‌కు వస్తారు. దాన్ని ‘నెట్’ అంటారు. ఒకరు సూత్రధారిగా ఉండి, కొత్తగా వచ్చిందెవరు, వెళ్లిపోతోందెవరు, ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరి దగ్గర అదనపు పంపు ఉంది, వచ్చే మంగళవారం కాలువ దాటేవాళ్లకు ఎంతమంది తక్కువయ్యారు అని అడుగుతారు. ‘మాకు ఇద్దరు కావాలి’ అని ఒక పడవ పలికితే, నిమిషం గడవకముందే రెండు గొంతులు అందుకుంటాయి. సాయంత్రం ఎవరి వంట వాళ్లు తెచ్చుకుని పంచుకు తినే విందు జరుగుతుంది. చదివేసిన పుస్తకాలు చేతులు మారతాయి. పిల్లలు భాష తెలియకపోయినా గంటలో జట్టు కట్టేస్తారు.

ఇలాంటి కూటములకు పెద్ద చరిత్రే ఉంది. 1952లో కాలిఫోర్నియాలో పడవల్లో కాపురముండే కొందరు కలిసి సెవెన్ సీస్ క్రూయిజింగ్ అసోసియేషన్ పెట్టుకున్నారు. 1954లో ఇంగ్లండ్‌లో హంఫ్రీ బార్టన్ ఓషన్ క్రూయిజింగ్ క్లబ్‌ను స్థాపించారు. ఆ రోజుల్లోనే ఎరిక్, సుసాన్ హిస్కాక్ దంపతులు ముప్ఫై అడుగుల ‘వాండరర్ 3’లో ఈ కాలువ మీదుగా భూమిని చుట్టి వచ్చారు. చూపు మందగించిన భర్త, ఏ పనికీ వెనుదీయని భార్య. ఆ జంట రాసిన పుస్తకాలు చదివి పడవ కొన్నవాళ్లు ఎందరో. అంతకు ముందే, కాలువ తెరిచి పుష్కరమైనా కాకుండా, తన చేతులతో కట్టుకున్న ‘ఐలాండర్’లో హ్యారీ పిడ్జన్ ఒంటరిగా లోకం చుట్టి 1925లో లాస్ ఏంజిలస్ చేరాడు. ఆయనకు ముందు ఆ ఘనత సాధించిన జాషువా స్లోకమ్ కాలంలో కాలువే లేదు. మెగలాన్ జలసంధిలో ఈదురుగాలులతో పోరాడి వెళ్లాడు. పిడ్జన్ లాకులు దాటి వచ్చాడు.

కాలువ పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా: ఫ్రెంచివాళ్లు మొదలుపెట్టి చేతులెత్తేశారు, అమెరికన్లు పూర్తి చేశారు, 1914 ఆగస్టు 15న తెరిచారు, 1999 చివరి రోజున పనామా చేతికొచ్చింది. 1928లో రిచర్డ్ హాలిబర్టన్ అనే సాహసి 36 సెంట్లు సుంకం కట్టి దీన్ని ఈది దాటాడు.

గోదావరి డెల్టాలో కాలువ గట్ల మీద పెరిగినవాళ్లకు లాకుల సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక తవ్విన కాలువల్లో పడవలు లాకులు దాటే తిరిగాయి. తలుపులు మూస్తారు, నీళ్లు వదులుతారు, పడవ లేస్తుంది. పనామాలోనూ సూత్రం అదే, కొలతలే వేరు. 1914 నాటి లాకుల్లో ఒక్కో గది వెయ్యి అడుగుల పొడవు, 110 అడుగుల వెడల్పు. గాటూన్ దగ్గర మూడు గదుల్లో పడవ 26 మీటర్లు పైకెక్కి గాటూన్ సరస్సులో పడుతుంది. అవతల పెడ్రో మిగెల్ దగ్గర ఒక గదిలో, మిరాఫ్లోరెస్ దగ్గర రెండు గదుల్లో దిగి పసిఫిక్ చేరుతుంది. పంపులేవీ లేవు. సరస్సు నీళ్లు తమ బరువుతోనే నేలలోని కంతల గుండా గదిలోకి ఎగదన్నుతాయి. తెరచాప పడవకు అసలు ప్రమాదం అక్కడే.

మోకు పట్టడమంటే బలం ఉంటే చాలనుకునేవాళ్లు గాటూన్ మొదటి గదిలో ఒక్కసారి నిలబడి చూడాలి. ఎదురుగా పెద్ద ఓడ. చుట్టూ తడి కాంక్రీటు గోడలు, లోపలున్నవాళ్లకు నూతిలో దిగినట్టుంటుంది. పైన గోడ మీద కాలువ పనివాళ్లు సన్నటి తాళ్లతో సిద్ధంగా ఉంటారు. ఆ తాడు కొసన బరువైన ముడి. దాన్ని మంకీ ఫిస్ట్ అంటారు. వాళ్లు విసిరితే అది గాలిలో వంపు తిరిగి సరిగ్గా పడవ మీద పడుతుంది. ఆ పనామా మనుషుల గురి చూసి తీరాలి. చీకట్లో, వానలో, అంత దూరం నుంచి, తెరచాప స్తంభానికీ దాని ఆధారపు తీగలకూ మధ్య నుంచి పంపిస్తారు. తగిలితే సోలార్ పలక పగులుతుంది కాబట్టి పడవవాళ్లు ముందే పరుపులు తెచ్చి పలకల మీద కప్పుతారు. తలలు మాత్రం ఎవరివి వాళ్లే కాచుకోవాలి.

పడిన సన్నతాడును వెంటనే అందుకుని తమ మోకు చివరి ఉచ్చులోంచి తీసి బౌలైన్ అనే జారని ముడి వేయాలి. ఒక్కో మోకు 125 అడుగుల పొడవు, ముంజేతిని పాములా చుట్టుకునే 22 మిల్లీమీటర్ల మందం. గోడ మీదివాళ్లు సన్నతాడు పట్టుకుని పడవతో పాటు నడుస్తారు. పడవ తన చోటుకు రాగానే మోకును పైకి లాగి, ఉచ్చును ఇనుప గుంజకు తగిలిస్తారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. తలుపులు మూసుకుంటాయి, అడుగు నుంచి నీళ్లు మరుగుతున్నట్టు పొంగుతాయి, పడవ లేస్తున్నకొద్దీ నాలుగు మోకులూ వదులవుతాయి. నాలుగు మూలలా నలుగురూ ఒకే లయలో వదులును లాగేసుకుంటూ ఉండాలి. ఒకరు ఎక్కువ లాగినా, ఒకరు ఆలస్యం చేసినా పడవ ముక్కు గోడ వైపు తిరుగుతుంది.

చెయ్యి తిరిగినవాళ్లను గుర్తుపట్టడం తేలిక. వాళ్లు మోకును ఎప్పుడూ చేతికి చుట్టుకోరు. ముందు క్లీట్ అనే రెండు కొమ్ముల లోహపు దిమ్మె మొదట్లో ఒక చుట్టు వేస్తారు. బరువంతా దాని మీద పడుతుంది, చేతిలో ఉండేది కొస మాత్రమే. వేళ్లను క్లీట్‌కు బెత్తెడు దూరాన ఉంచుతారు. టన్నుల బరువున్న పడవ ఒక్క కుదుపు కుదిపితే, మోకుకూ క్లీట్‌కూ మధ్య చిక్కుకున్న వేలు ఇక దక్కదు. పైకెక్కేటప్పుడు లాగడం, దిగేటప్పుడు కొద్దికొద్దిగా వదలడం. వదలడమే కష్టమని తెలిసినవాళ్లంటారు, నిజమే. దిగుతున్నప్పుడు మోకు క్లీట్‌కు బిగుసుకుపోతే పడవ గోడకు వేలాడుతుంది.

ఇంకో గండం ముందున్న ఓడ. గది నిండి తలుపులు తెరుచుకోగానే ఆ ఓడ ప్రొపెల్లర్ తిప్పుతుంది. దాని నీటి తోపు వెనకున్న చిన్న పడవ మీదికి ఏరులా వస్తుంది. కంగారుపడి ముందే మోకులు విప్పేసినవాళ్ల గతి చెప్పనక్కర్లేదు. నీళ్లు సద్దుమణిగేదాకా మోకు పట్టుకుని నిలబడేవాళ్లే పడవను కాపాడతారు.

రెండు మూడు పడవలను పక్కపక్కన కట్టి ఒక్క తెప్పలా పంపడం ఈ కాలువలో మామూలే. ఈ కట్టడంలోనూ పనితనం కనిపిస్తుంది. స్తంభాల అడ్డకర్రలు ఒకదానికొకటి తగలకుండా పడవలను కాస్త ముందువెనకలుగా ఉంచుతారు. మధ్యలో రబ్బరు దిండ్లు వేస్తారు, ఒకప్పుడైతే ప్లాస్టిక్ సంచుల్లో చుట్టిన పాత కారు టైర్లే. నడిపేది మధ్య పడవ, మోకులు పట్టేది అంచు పడవలు. జీవితంలో మొదటిసారి కలిసిన మూడు దేశాలవాళ్లు ఒకే పడవగా మారిపోతారు. ఆ గంటలో పుట్టిన స్నేహాలు న్యూజిలాండ్ దాకా, ఆ తర్వాత కూడా నిలుస్తాయి.

మొదటి రాత్రి గాటూన్ సరస్సులో పెద్ద తేలుగుండుకు కట్టుకుని గడుపుతారు. మొసళ్లున్నాయి, ఈత నిషేధం. 65 అడుగుల లోపు పడవలకు దారి చూపడానికి కాలువవాళ్లు పంపే అడ్వైజర్‌కు వేడి భోజనం పెట్టడం పడవవాళ్ల బాధ్యత. వంట నచ్చకపోతే ఆయన బయటి నుంచి తెప్పించుకుని ఆ ఖర్చు యజమానికే రాస్తాడని చెప్పుకుంటారు. అందుకే కాలువ రోజున ప్రతి పడవా తన వంటల్లో మేలైనదే వండుతుంది.

ఇంతటి ఆచారం ఇప్పుడు కళ్ల ముందే చిక్కిపోతోంది. కొలోన్‌లో ఈ జనానికి తరతరాల అడ్డా అయిన పనామా కెనాల్ యాట్ క్లబ్‌ను 2009లో బుల్డోజర్లతో కూల్చేశారు. రేవు విస్తరణ కోసమట. ఎంతమంది ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ బల్లల చుట్టూ కూర్చుని ‘రేపు నీ పడవకు నేనొస్తా’ అనుకున్నారో! కంటెయినర్లు పేర్చుకునే స్థలం కోసం అలాంటి చోటును నేలమట్టం చేయడం ఏ లెక్కన చూసినా అన్యాయమే. పసిఫిక్ వైపు బాల్బోవా యాట్ క్లబ్ పాత భవనం అంతకు పదేళ్ల ముందే మంటల్లో పోయింది. చిన్న పడవల సుంకం 2020లో 800 డాలర్ల నుంచి ఒక్కసారిగా 1600కు పెరిగింది. 2023 కరువులో గాటూన్ సరస్సు తగ్గి, రోజుకు 36 దాకా సాగే ప్రయాణాలను 24కు కుదించారు. ఒక్కో ఓడ దాటడానికి సుమారు 20 కోట్ల లీటర్ల మంచినీళ్లు ఖర్చయ్యే చోట చిన్న పడవను పట్టించుకునేదెవరు?

ఇవన్నీ బయటి దెబ్బలు. లోపలి దెబ్బ ఇంకా పెద్దది. ఏజెంటుకు ఫోన్ కొడితే మోకులు, దిండ్లు, నలుగురు మనుషులు అన్నీ ప్యాకేజీగా వస్తున్నాయి. డబ్బు తీసుకుని మోకు పట్టే స్థానికులు పనిమంతులే, వాళ్లను తప్పు పట్టేదేమీ లేదు. తప్పంతా తన పడవకు తన తోటివాళ్లను పిలవడం నామోషీ అనుకునే యజమానిది. కూలికి చేతులు తెచ్చుకుని, తను కెమెరా పట్టుకుని, ‘మేం పనామా దాటాం’ అని వీడియో పెట్టేవాడికి మంకీ ఫిస్ట్ అంటే ఏం తెలుసు? ఇక ఉపగ్రహ ఇంటర్నెట్ వచ్చాక పొద్దుటి రేడియో ‘నెట్’లో గొంతులు తగ్గాయి. ఫోన్ గ్రూపుల్లో ఎవరి కబుర్లు వాళ్లవే. రేడియోలో పలికిన మాట రేవంతా వింటుంది, కొత్తగా వచ్చిన పడవ కూడా వింటుంది. గ్రూపులో చేర్చని పడవ ఊళ్లో ఉన్నా లేనట్టే.

ఈ సంగతి తెలుగువాళ్లకెందుకనే ప్రశ్న రావచ్చు. 2017–18లో భారత నౌకాదళ మహిళలు ఆరుగురు ‘తారిణి’ అనే తెరచాప పడవలో భూమి చుట్టి వచ్చినప్పుడు వాళ్లలో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. వాళ్లది దక్షిణ అమెరికా కొనను చుట్టి వెళ్లే కేప్ హార్న్ దారి, కాలువతో పనిలేదు. కానీ తెరచాప మీద మోజు మనవాళ్లలో మొదలైంది. అమెరికాలో స్థిరపడి క్రూజ్ ఓడల మీద నుంచి ఈ లాకులను చూసి వచ్చేవాళ్లూ ఉన్నారు. అలాంటి వారికో మనవి. సొంత పడవ అక్కర్లేదు. ఫిబ్రవరిలోనో మార్చిలోనో మెరీనాకు వెళ్లి ‘మోకు పట్టడానికి వస్తాను’ అని అడగండి, చేతులు తక్కువైన పడవ ఏదో ఒకటి దొరుకుతుంది. వెళ్లేముందు బౌలైన్ ముడి కళ్లు మూసుకుని వేయగలిగేదాకా ఇంట్లో సాధన చేయండి. తోలు తొడుగులు, ఎండకు టోపీ, వానకు కోటు మరిచిపోవద్దు. పడవ యజమానులకు కోరేది ఒక్కటే: ఏజెంటుకు ఫోన్ చేసేముందు ఒక్క పొద్దున రేడియోలో అడిగి చూడండి.