లేపాక్షి విరూపణ్ణ కుళ్లాయి

లేపాక్షి వీరభద్రాలయమునకు పోయినవారు వ్రేలాడు స్తంభమును, పెద్ద నందిని చూతురు. పిమ్మట గోడమీది ఎఱ్ఱని మరకలను పిల్లలకు చూపి, పెనుగొండ కోశాధికారి విరూపణ్ణ రాజదండనకు ముందే తన కన్నులను తానే పెఱికి విసరెనను కథ చెప్పుదురు. మేమును పలుమార్లు అట్లే చెప్పితిమి. ఆ విరూపణ్ణయే మండపపు కప్పుమీద కన్నులు తెఱచి నిలిచియున్నాడని మాత్రము చాలకాలము గమనింపలేదు.

అచ్యుతదేవరాయల (1529–1542) కాలమున ఆలయమును విస్తరింపజేసిన సోదరులు విరూపణ్ణ, వీరణ్ణ. చిత్రములో వారు పరివారసమేతులై విభూతి స్వీకరించుచున్నారు. మమ్ము నిలిపినది వారి తలపైనున్న పొడవైన కుళ్లాయి. విజయనగరపు కొలువులో అది హోదాకు గుర్తు. తిరుమలలో దేవేరులతో నున్న కృష్ణదేవరాయల విగ్రహమునకును అట్టి కుళ్లాయియే కలదు. చేతులు మాత్రము జోడించియున్నవి. దేవుని యెదుట తలపాగా తీయుట మనలో మర్యాద గదా, వీరేల తీయలేదు? అధికారమును వాకిట విడిచి వచ్చుట గాక, దానితోడనే దైవమునకు లోబడుట ఇందలి భావమని మాకు తోచుచున్నది. చిత్రము లెక్కల చిట్టా కాదు. ఖజానా సొమ్ము మాట అది తేల్చజాలదు. అయినను ఇందలి విరూపణ్ణ ఉద్యోగచిహ్నము ధరించి, పదిమంది నడుమ, ముఖము దాచుకొనక నిలిచినవాడు. మరక చెప్పు కథలో ఈ మనిషి లేడు.

కుళ్లాయి యను మాటకు మూలము పారసీకపు 'కులాహ్'. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన చాటువులో, కన్నడరాజ్యపు కొలువునకు వచ్చిన కవి, ఆ వేషము తొడుగుటను తన కష్టములలో నొకటిగా చెప్పుకొని వాపోవును. విరూపణ్ణకు అదియే కుళ్లాయి ఇంటి వస్త్రమువలె అమరినది. అతని కాలపు శాసనములు అచట కన్నడమున నున్నవి, తలపైనిది పరదేశపు టోపీ, కొలిచినది వీరభద్రుని.

కన్నడదేశమున తరతరములుగా నున్న మన యిండ్లలో ఈ యిద్దరును కలరు. కొలువు భాష నోట నిలిచిన పిల్లవానిని చూచి తెలుగు పోయెనని దిగులుపడు పెద్దలది శ్రీనాథుని బాధ. అది అబద్ధము కాదు. కాని కుళ్లాయి పెట్టినవాడెల్ల తన్ను తాను మఱచినవాడని అనుకొనుట తొందరపాటు. అతడు ఎవరి యెదుట చేతులు జోడించెనో కూడ చూడవలెను. ఈసారి లేపాక్షికి పోయినప్పుడు, మరకలు చూపిన పిమ్మట, పిల్లలను ఒక్కమారు తలయెత్తి పైకి చూడుమనుడు.