చక్రాల కుర్చీ వినియోగదారుల స్వీయసామర్థ్య విశ్వాసం: మాపన సమస్యలు

ఒక పనిని తాను చేయగలనన్న నమ్మకమే వ్యక్తిని ఆ పనికి పురికొల్పుతుందని ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించారు. ఈ స్వీయసామర్థ్య విశ్వాసం సాధారణ ఆత్మవిశ్వాసం కాదు. నిర్దిష్టమైన పనికి, సందర్భానికి సంబంధించినది. ఈ భావన ఆధారంగా కెనడా పరిశోధకులు రూపొందించిన ‘వీల్‌కాన్’ మాపని, చేతితో నడిపే చక్రాల కుర్చీ వినియోగదారులను 65 అంశాలలో తమ నమ్మకాన్ని 0 నుండి 100 వరకు అంచనా వేసుకోమంటుంది. పరిసరాలలో కుర్చీని నడపడంతో పాటు సామాజిక సందర్భాలను, భావోద్వేగాలను నిభాయించుకోవడం కూడా దీని పరిధిలోకి వస్తుంది.

నైపుణ్యాన్నీ నమ్మకాన్నీ వేరుగా చూడటం ఈ మాపని విశిష్టత. కుర్చీని చక్కగా నడపగలిగినవారు సైతం జనసమ్మర్దంలోకి వెళ్ళడానికి జంకవచ్చు. నైపుణ్య పరీక్ష ఒక్కటే ఆ జంకును పట్టుకోలేదు.

అయితే తక్కువ స్కోరు ఎవరి లోపాన్ని సూచిస్తుంది? ర్యాంపు లేని కార్యాలయం విషయంలో ‘లోపలికి వెళ్ళలేను’ అన్న సమాధానం విశ్వాస లోపం కాదు, భవనాన్ని గురించిన సరైన అంచనా. దానిని శిక్షణతో సరిదిద్దవలసిన బలహీనతగా నమోదు చేస్తే, అందుబాటు కల్పించమని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వాలపై ఉంచిన బాధ్యత వ్యక్తి మీదికి మళ్ళుతుంది.

తెలుగులో ఈ చిక్కు మరింత జటిలం. ‘వెళ్ళగలరా?’ అన్న ప్రశ్న శక్తినీ వీలునూ కలిపి అడుగుతుంది. కనుక తెలుగు రూపంలో ప్రతి అంశానికీ దారి స్థితి, తోడు ఉన్నదీ లేనిదీ స్పష్టం చేయాలి. పరిసరాల మదింపును విడిగా జతచేయాలి. లేనిపక్షంలో మెట్లు కలిగించిన అశక్తత మనిషి ఖాతాలో చేరుతుంది.