ఎమిల్ కథ – పఠనానంతర క్రీడలు

ఎరిహ్ కెస్ట్నర్ 1929లో జర్మను భాషయందు వెలువరించిన ఎమిల్ నవల చదివించిన పిదప, పిల్లలచే దొంగ–పోలీసు ఆట నాడించిన చాలదు. రైలులో 140 మార్కులు పోగొట్టుకొన్న ఎమిల్ బెర్లిన్ బ్యాంకులో దొంగను పట్టియిచ్చినది పరుగుచేత గాదు. జేబులో గుచ్చిన గుండుసూది నోట్లపై విడిచిన రంధ్రములచేత. కావున కాగితములకు సూది గుచ్చి, ఇతరుల కాగితములతో కలిపి, తనవి యేవో సాక్ష్యముతో నిరూపింపు మనుట యుక్తము.

అంతకన్న మేలైనది చిన్న డీన్‌స్టాగ్ పాత్ర. తోడివారు వేటలో నుండగా, మనసు వీధిలో నున్నను, అతడు ఇంట టెలిఫోనును విడువడు. కథాంతమున ఎమిల్ అమ్మమ్మ ప్రత్యేకముగా మెచ్చుకొన్నది ఆతనినే. ఈ వేషమునకు పిల్లలు సులభముగా ముందుకు రారు. వచ్చిన వార్తలను తెలుగుననే విని, తెలుగుననే వ్రాయవలెనని నియమించిన, ఇతరభాషా పాఠశాలలలో చదువు తెలుగు పిల్లలకు అది ఆటయు, అక్షరాభ్యాసమును అగును.